వెనక సుత్తి

కదలని దేన్నయినా వాదనతో కదిలించవచ్చునని షణ్ముగప్రియ గట్టిగా నమ్మిన రోజులవి. కోయంబత్తూరు కోర్టులో మూడేళ్ళ ప్రాక్టీసు ఆ నమ్మకాన్ని ఏమాత్రమూ బలపరచలేదు. అయినా నమ్మకానికి సాక్ష్యంతో పనేముంది? లా కాలేజీ చివరి సంవత్సరంలో ఆమె ‘మరమ్మతు హక్కు’ మీద నలభై పేజీల వ్యాసం సమర్పించి బహుమతి కూడా పుచ్చుకుంది. చెడిన వస్తువును పారవేయడం సంస్కారం కాదనీ, దాన్ని విప్పి బాగుచేసుకోవడం పౌరుని స్వేచ్ఛలో భాగమనీ అందులో తిరుగులేకుండా నిరూపించింది. అది రాసేనాటికి ఆమె తన జీవితంలో ఒక్క మరనైనా విప్పి ఎరగదు.

అటువంటి మనిషి నెత్తిమీదికి వచ్చింది తాతగారి ఫియట్ కారు. పంతొమ్మిది వందల అరవై ఆరు నాటి బండి. పీలమేడులోని ఇంటి పక్క రేకుల కింద పదకొండేళ్ళుగా నిలబడి ఉంది. తండ్రి నాగరాజన్ నూలు వ్యాపారి. పనికిరాని వస్తువు కంటపడితే ఆయనకు అన్నం సహించదు. మదురై రోడ్డులో హోటలు కడుతున్న నవనీతకృష్ణన్ అనే దూరపు చుట్టం ఆ కారును తనకిమ్మని అడిగాడు. నడుపుకోవడానికి కాదు, నడిమికి కోసి ముందు సగాన్ని కాఫీ కౌంటరుగా నిలబెట్టుకోవడానికి.

“కోయడమా!” అని షణ్ముగప్రియ భోజనం ముందునుంచి లేచింది. “నైనా, ఆ బండి నడుస్తాది. నేను నడిపిస్తాను. కావాలంటే రాసిస్తాను.”

“నువ్వు రాసిచ్చినవి ఇంట్లో శానా ఉండాయి పాపా,” అన్నాడు నాగరాజన్ మజ్జిగ కలుపుకుంటూ. “సోమవారం మధ్యాహ్నం మూడు గంటలకి ఆర్.టి.ఓ. ఆఫీసులో బండి చూపించల్ల. పాసయితే బండి నీది. కాకపోతే సాయంకాలమే మదురై లారీ వస్తాది. దీనికి పైన అప్పీలు లేదు.”

అప్పీలు లేని తీర్పు వినడం ఆమెకు కొత్తేమీ కాదు. అయినా గురువారం ఉదయమే కారును లాగించుకుని సింగానల్లూరు చెరువు దగ్గరున్న యేసుదాస్ షెడ్డుకు చేరింది. పాత ఫియట్లను ముట్టుకునేవాడు ఊళ్ళో ఇంకా ఆయన ఒక్కడే ఉన్నాడని చెప్పారు.

యేసుదాస్‌కు అరవై రెండేళ్ళు. సన్నటి మనిషి, కళ్ళజోడుకు ఒక పక్క కాడ లేదు, దారం ఉంది. ఆయన భార్య సెల్లమ్మాళ్ ఆయనకు రెండింతలుంటుంది. షెడ్డు వాకిట్లో బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుని, వచ్చే బండ్లనూ పోయే మనుషులనూ ఒకే చూపుతో తూకం వేస్తుంది. ఇంజనూ బ్రేకులూ తేలిగ్గానే దారికి వస్తాయని చెప్పి, యేసుదాస్ కారు చక్రం పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. స్టీరింగు పావు చుట్టు తిరిగితే గాని చక్రానికి కబురు అందడం లేదు. చక్రాన్ని స్టీరింగు కడ్డీతో కలిపే కీలు అరిగిపోయింది, అది విప్పి లోపలి భాగాలు మార్చాలి అని తమిళంలో చెప్పాడు.

విప్పడమంటే నట్టు తీయడమే కదా అనుకుంది షణ్ముగప్రియ. నట్టు ఆ ఉదయమే వదులైంది. కీలు మాత్రం కదలలేదు. దాని బోల్టు పైకి పోనుపోను సన్నబడే గూటం మాదిరి ఉంటుంది, అది దిగే రంధ్రమూ అదే ఆకారం. ఒకసారి బిగించి కూర్చోబెడితే రెండు ఇనుములూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. దానికి అరవై ఏళ్ళ తుప్పు తోడైతే, భాగాలు పంచుకోని అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తిలాగ, ఎవరు ఎక్కడ ముగిశారో ఎవరు ఎక్కడ మొదలయ్యారో తెలియదు.

యేసుదాస్ గురువారం నూనె పోశాడు. శుక్రవారం వచ్చి చిన్న సుత్తితో నాలుగు తట్లు తట్టి, చెవి పెట్టి విని, మళ్ళీ నూనె పోశాడు. శనివారం టీ తాగి నూనె పోశాడు. షణ్ముగప్రియ కోర్టు నల్లకోటు చేతిమీద వేసుకుని నిలబడి ఇదంతా చూసింది. వాయిదా అంటే ఏమిటో ఆమెకు తెలుసు. వాయిదాలంటే ఆమెకు అసహ్యం. దేశంలో న్యాయం ఆలస్యం కావడానికి కారణం ఇటువంటి నూనె డబ్బాలేనని ఆ క్షణంలో ఆమెకు స్పష్టమైంది. ఫోను తీసి తల్లికి చేసి, తమ ఇంటి తెలుగులో, ఎదుటి ఇద్దరూ కేవలం గోడలన్నంత నిశ్చింతగా మాట్లాడింది.

“అమ్మా, ఈ ముసలాయనకి పనే తెలీదే. మూడు దినాలుగా నూనె పోస్తానే ఉండాడు, బిడ్డకి తలంటినట్ల. ఆయమ్మ యేమో డబ్బా మింద కూర్చోని చూస్తా ఉంటాది. ఇద్దురూ కలిసి నన్ను బాగా మోసం చేస్తా ఉండారు.”

ఫోను పెట్టేసింది. అప్పుడు సెల్లమ్మాళ్, తల ఎత్తకుండానే, కారు కిందున్న మొగుడితో పలికింది. తెలుగులో.

“వింటివా? నీకు పని తెలీదంట. నేను చెప్తే ఇన్నేండ్లు నమ్మకపోతివే. ఇప్పుడు వక్కీలమ్మే చెప్పేసె.”

కారు కిందినుంచి జవాబు వచ్చింది. “మోసంలో నీకూ పాలు ఉండాదంట. అది వింటివా?”

తమిళ దేశంలోని తెలుగు ఇళ్ళకు రాయని చట్టం ఒకటుంది. నలుగురిలో అనకూడని మాటను తెలుగులో అనుకోవచ్చు. పెళ్ళివారి సాంబారు పలచన అనీ, కొట్టువాడు చూపిన చీర రంగు వెలిసిందనీ ఎదురుగానే చెప్పుకుని, పైకి నవ్వుతూ నిలబడవచ్చు. షణ్ముగప్రియ పుట్టిననాటినుంచి ఆ గోడ చాటున హాయిగా మాట్లాడుతూ వచ్చింది. గోడకు అవతలి పక్క కూడా మనుషులుంటారని ఆమెకు తోచలేదు.

“మీరు... తెలుగా?” అంది. అన్నాక, ఆ ప్రశ్న తన నోట ఎట్లా వినిపించిందో తనకే వినిపించింది.

“యేమి అమ్మణీ, మేము ఉండకూడదా?” అంది సెల్లమ్మాళ్. కోపంగా కాదు, కందిపప్పు ధర చెప్పినట్టు. “మా అవ్వ, వాళ్ళవ్వ, అందురిదీ ఈ మాటే. మీ వీధికి మేము వచ్చేది పనికి. పనికి వచ్చినోళ్ళని, మీ ఇంట్లో యే మాట అని యెవురు అడుగుతారు?”

సమానత్వపు అధికరణాన్ని షణ్ముగప్రియ వారానికి ఒకసారైనా కోర్టులో గొంతెత్తి చదివేది. దాని సంఖ్య ఆమెకు నిద్రలో లేపినా వచ్చు. ఇరవై ఏడేళ్ళుగా ఒకే ఊళ్ళో, ఒకే భాషలో, రెండు వీధుల అవతల వండుకు తింటున్న మనుషుల సంగతి మాత్రం ఆమెకు ఈ రోజు ఒక పెయింటు డబ్బా మీదినుంచి తెలిసివచ్చింది. క్షమించమని అడగడానికి మూడు వాక్యాలు సిద్ధం చేసుకుంది. మూడూ మరీ ముసాయిదాల్లా ఉన్నాయి. చివరికి “తప్పయిపోయె అక్కా,” అని మాత్రం అంది.

“పరవాయిల్లే,” అన్నాడు యేసుదాస్ బయటికి వస్తూ. “పని తెలీదు అనేది పూరా అబద్ధం కాదు. దాని కత వేరే.” ఆ కథ ఏమిటో చెప్పకుండా మళ్ళీ నూనె డబ్బా అందుకున్నాడు.

ఆదివారం ఆయన చర్చికి, ఆవిడ చేపల అంగడికి బయలుదేరారు. షణ్ముగప్రియ కారు దగ్గరే కూర్చుంటానంది. “కూర్చో అమ్మణీ. నట్టుని మాత్రం ముట్టొద్దు. నూనె దాని పని అది చేస్తా ఉండాది,” అని చెప్పి యేసుదాస్ సైకిలెక్కాడు.

ఇరవై నిమిషాలు ఆమె నిజంగానే ముట్టలేదు. తర్వాత ఫోనులో ఒక వీడియో తెరిచింది. ఎర్ర గడ్డం దొర ఒకడు ఇటువంటి కీలునే ఆరు నిమిషాల్లో ఊడదీశాడు. నట్టును మొత్తం తీసేయకూడదనీ, రెండు చుట్లు మిగిల్చి ఉంచాలనీ, సుత్తి బోల్టు మీద పడకూడదనీ ఆ దొర మూడో నిమిషంలో చెప్పాడు. షణ్ముగప్రియ రెండో నిమిషంనుంచి నాలుగో నిమిషానికి దూకింది. నట్టు పూర్తిగా తీసేసింది. పెద్ద సుత్తి ఎత్తి, మూడు రోజుల నిరీక్షణా మూడేళ్ళ వాయిదాలూ అన్నీ కలిపి, బోల్టు కొనమీద నాలుగు దెబ్బలు వేసింది. కీలు కదలలేదు. బోల్టు కొన మాత్రం తల విప్పి, అంచులు పరిచి, మరలన్నీ నలిగి ముద్దయింది. నట్టు తిరిగి ఎక్కించబోతే ఎక్కలేదు.

మొదట వచ్చింది సెల్లమ్మాళ్. చేపల సంచి చేతిలో ఉండగానే వంగి చూసింది.

“ఏసప్పా! పుట్టగొడుగు మొలిచిందే!”

యేసుదాస్ వచ్చి చూశాడు. తిట్టి ఉంటే షణ్ముగప్రియ దగ్గర సమాధానముండేది. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, ఆకురాయితో బోల్టు తల అంచుల్ని అరగదీశాడు. తర్వాత భార్యవైపు చూశాడు. ఆవిడ చేపలు నీడలో పెట్టి, కొంగు నడుముకు చుట్టి, షెడ్డులో అన్నిటికన్నా పెద్ద సుత్తిని ఎత్తి, బోల్టును కరుచుకున్న ఇనుప కంటికి వెనకవైపు ఆనించి పట్టింది. ఆయన చిన్న సుత్తితో ముందువైపునుంచి కొట్టాడు. బోల్టును కాదు, బోల్టును పట్టుకున్నదాన్ని. వెనక బరువు ఉంటే దెబ్బ ఎటూ పారిపోదు. ఇనుప కన్ను వెంట్రుకవాసి నలిగి, ఆ ఒక్క క్షణం పట్టు మరిచిపోతుంది. ఒకటి. రెండు. మూడోదానికి శబ్దం మారింది. కీలు టప్పున కిందికి జారి వేలాడింది.

“మూడు దినాల నూనె,” అన్నాడు యేసుదాస్, అంతే.

షణ్ముగప్రియ చప్పట్లు కొట్టబోయి ఆగింది. ఊడిన బోల్టును ఆయన వెలుతురులో తిప్పి చూస్తున్నాడు. ఇటువంటి కీలు కొత్తది ఏ అంగడిలోనూ దొరకదు. లోపలి భాగాలు మార్చి ఇదే మళ్ళీ వేయాలనుకున్నాడు. ఇప్పుడు దీని మరలు లేవు.

“మరలు మళ్ళీ కోయవచ్చు గదా అన్నా?” అంది ఆమె. “రేపు మూడు గంటల వరకు నిలిస్తే చాలు. పాసయినాక నిదానంగా మార్చుకుందాము.”

పోయిన మార్చిలో ప్రభుత్వ బస్సుల బ్రేకులు సరిగా లేవని మద్రాసు హైకోర్టులో పిటిషన్ వేసిన మనిషి ఈమే. “పౌరుల ప్రాణాలతో ఒక్క రోజు జూదమైనా” అనే వాక్యం అందులో ఆమెకు చాలా ఇష్టమైనది.

యేసుదాస్ నేలమీద చతికిలబడ్డాడు. “నేనూ ఇదే చెప్తిని అమ్మణీ. ముప్పై ఆరేండ్లు అయ్యె. బోడినాయకనూరులో ఏలక్కాయ తోటల జీపులు చూస్తా ఉంటి. నా మాదిరి మెకానిక్కు తేని టౌను వరకు లేడు అని నాకు బాగా తెలుసు. ఇంకెవురికీ తెలీదు.”

“అదే ఆయప్ప బాధ,” అంది సెల్లమ్మాళ్ చేపలు ముందేసుకుంటూ.

“ఓనరు సీక్రం సీక్రం అని నిలబడినాడు. ఇదే మాదిరి కీలు, ఇదే మాదిరి నలిగిన మర. మళ్ళీ కోసి, సాయంకాలం వరకు నిలుస్తాది అని బిగించేస్తిని.”

“నిలిచిందా?” అంది షణ్ముగప్రియ.

“మూడో మలుపు వరకు నిలిచింది,” అంది సెల్లమ్మాళ్. “నేను లోపల ఉంటి గదా. కాయ కోసేదానికి పోయే ఆడోళ్ళము పదకొండుమంది. జీపు గట్టుకి కొట్టుకొని నిలిచె. ఈ పక్కం తిరిగె కాబట్టి గట్టు. ఆ పక్కం తిరిగి ఉంటే లోయ.” పెదవి పైకెత్తి పంటివరసలో సందు చూపించింది. “ఇది ఆయప్ప చేసిన పని.”

“దిగి నాలుగు మైళ్ళు నడిచొచ్చె ఈమె,” అన్నాడు యేసుదాస్. “నోట్లో రక్తం, చేతిలో ఊడిన కీలు. దాన్ని బల్ల మింద పెట్టి, ఇది బిగించినోడు యెవుడు అనె. అందురూ తల వంచుకొనిరి. నేనే అంటిని.”

“అన్నాక?”

“చెంప మింద ఒకటి పడె.”

“రెండు,” అంది సెల్లమ్మాళ్.

“సరి, రెండు.”

“తర్వాత?”

“తర్వాత యేంది,” అన్నాడు యేసుదాస్, “పెండ్లి.”

సెల్లమ్మాళ్ చేప పొలుసు గీకుతూ, “అప్పటినుంచి వెనక సుత్తి ఆయప్ప చేతికి ఇచ్చిందే లేదు. కొట్టేది యెవురైనా కొడతారు,” అంది.

షణ్ముగప్రియ అయినా వాదించింది. ఆర్.టి.ఓ. ఆఫీసుకు దారిలో లోయ లేదంది. మెల్లగా నడుపుతానంది. మూడో వాదం మొదలుపెట్టి, పొలుసులు గీకుతున్న చప్పుడు ఆగిపోవడం విని, వదిలేసింది. ఇంటికి ఫోను చేసింది.

“నైనా, ఒక కీలు నేనే చెడిపితిని.”

“యెట్ల?”

“సుత్తితో.”

“దీనికి గూడ హక్కు ఉండాదా నీ పుస్తకంలో?” అన్నాడు నాగరాజన్. “మూడు గంటలంటే మూడు గంటలే పాపా.”

దారి యేసుదాస్ చూపించాడు. పొల్లాచ్చిలో దొరైసామి అనే ఎండుకొబ్బరి వ్యాపారి గోదాములో ఇదే రకం ఫియట్ ఒకటి పడి ఉంది. దాని కీళ్ళు తానే వేశాడు, వేసిన ఏడాదికే బండి మూలకు చేరింది. రేపు మొదటి బస్సుకు పోయి అది ఊడదీసుకు రావాలి. తాను ఇక్కడ ఉండి మిగతా పక్క విప్పి సిద్ధం చేయాలి.

“నాకు ఊడదీసేది రాదు గదా అన్నా?”

“తెలిసె,” అన్నాడు యేసుదాస్. “సెల్లమ్మాళ్ వస్తాది.”

సోమవారం తెల్లవారేసరికి ఇద్దరూ పొల్లాచ్చి బస్సులో ఉన్నారు. సెల్లమ్మాళ్ ఒడిలో వైరు బుట్ట, అందులో రెండు సుత్తులూ ఇడ్లీ పొట్లమూ. దొరైసామి మంచివాడు. కీలు ఊరికే తీసుకుపొమ్మన్నాడు. కాని కారు కింద కోడి పొదిగి ఉందనీ, దాన్ని మాత్రం లేపకూడదనీ తమిళంలో కచ్చితంగా చెప్పాడు. కోడి కూర్చున్నది వాళ్ళకు కావలసిన చక్రానికి జానెడు దూరంలో.

షణ్ముగప్రియ కొబ్బరి పీచులో మోకాళ్ళమీద కూర్చుని, నూనె పోసి, నట్టును వదులు చేసి, ఈసారి రెండు చుట్లు మిగిల్చింది. సెల్లమ్మాళ్ వెనక పెద్ద సుత్తి ఆనించింది. షణ్ముగప్రియ ముందునుంచి తాకించింది.

“కొడతా ఉండావా, అర్జీ పెడతా ఉండావా?” అంది సెల్లమ్మాళ్.

“అక్కా, మీ చెయ్యి పక్కనే...”

“నా చెయ్యి నేను చూసుకుంటా. నువ్వు కొట్టేదాన్ని చూడు.”

కొట్టింది. మొదటి పది దెబ్బలకు కొబ్బరి దుమ్ము రాలింది. ఇంకో పదికి ఆమె భుజం పట్టేసింది. మధ్యలో రెండుసార్లు ఆగి మళ్ళీ నూనె పోయమంది సెల్లమ్మాళ్. పోసి, కూర్చుని, ఇడ్లీ తిన్నారు. గడియారం తొమ్మిదిన్నర చూపిస్తుంటే కూర్చుని ఇడ్లీ తినడం షణ్ముగప్రియ తన జీవితంలో చేసిన అతి కష్టమైన పని. నమలడం కూడా ఆమెకు వాయిదాలాగే ఉంది. మళ్ళీ లేచి కొట్టింది. ఎన్నో దెబ్బకో చేతికి తెలిసింది, చెవికన్నా ముందు. టప్పుమంది. కోడి ఒక కన్ను తెరిచి చూసి మూసుకుంది.

“ఊఁ,” అంది సెల్లమ్మాళ్. ఏ న్యాయమూర్తి దగ్గరా అంత చిన్న తీర్పుకు షణ్ముగప్రియ అంత పొంగిపోలేదు.

పదకొండున్నరకు షెడ్డు చేరారు. యేసుదాస్ కీలు శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, బిగించి, నట్టుకు అడ్డపు పిన్ను గుచ్చి వంచాడు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ దారం కట్టి, నేల మీద పడుకుని ఒంటికన్నుతో చూసి, మళ్ళీ సరిచేశాడు. రెండు గంటలకు బండి కిందికి దిగింది. షణ్ముగప్రియ స్టీరింగు ముందు కూర్చుని, పక్క తలుపు తెరిచి, “రాండి అన్నా,” అని పిలిచింది.

ఆయన రాలేదు. కొంగు దులుపుకుని సెల్లమ్మాళ్ ఎక్కింది.

“ఆయప్ప స్టీరింగు చేసిన బండిలో మొదటి చుట్టు నేనే పోతాను,” అంది సర్దుకు కూర్చుంటూ. “బోడినాయకనూరు తర్వాతనుంచి ఇట్లనే. తిరిగి వచ్చే వరకు ఆయప్ప నీళ్ళు గూడ తాగడు. సీక్రం పోనీ. కాదు, నిదానంగా పోనీ.”

షణ్ముగప్రియ అద్దంలో చూసింది. యేసుదాస్ షెడ్డు వాకిట్లో, చేతులు తుడుచుకోకుండా, అట్లాగే నిలబడి ఉన్నాడు. ఆమె ఆ ఆరు మైళ్ళూ కోర్టులో ఎన్నడూ లేనంత శ్రద్ధగా నడిపింది.

ఆఫీసు మైదానంలో ఇన్‌స్పెక్టరు చక్రం పట్టి ఊపాడు. స్టీరింగును రెండు వేళ్ళతో తిప్పాడు. ఇట్టే చక్రం కదిలింది. బండిలోంచి దిగమంటే సెల్లమ్మాళ్ దిగలేదు. ఆయన ఆమె మొహం చూసి, ఎందుకొచ్చిన గొడవనుకున్నాడేమో, ఆమెను కూర్చోబెట్టుకునే మైదానం చుట్టూ ఒక చుట్టు నడిపి వచ్చి సంతకం చేశాడు. పాత బండ్ల నియమాల మీద షణ్ముగప్రియ ఆరు అంశాలతో ఒక ప్రసంగం మడిచి పెట్టుకుని వచ్చింది. ఆమె నోరు తెరిచేసరికి ఆయన పక్కనున్న ఆటో దగ్గరికి పోయాడు.

“నైనా, పాసయ్యె,” అంది ఫోనులో. “లారీని రావద్దని చెప్పండి.”

“చెప్పేస్తా,” అన్నాడు నాగరాజన్. కొంచెం ఆగి, “నవనీతకృష్ణన్‌కి పాత ట్రాక్టరు దొరికిందంటలే,” అన్నాడు.

తిరిగి వచ్చేసరికి యేసుదాస్ అదే చోట ఉన్నాడు. చెయ్యి మీది గ్రీజు ఎండిపోయింది. షణ్ముగప్రియ బండి ఆపి, దూకి, ముద్ర ఉన్న కాగితాన్ని ఎత్తి ఆయన ముందు పట్టింది. ఆయన దాని పక్కనుంచి తొంగి, బండి దిగుతున్న భార్యను చూశాడు.

సెల్లమ్మాళ్ నిదానంగా దిగింది. తలుపు వేసింది. నడుం సరిచేసుకుంది.

“నేరుగా పోతా ఉండాది,” అంది. “కుడి పక్కం తిరిగేటప్పుడు కొంచెం గట్టిగా ఉండాది. గ్రీజు పెట్టు.”

యేసుదాస్ కుండ దగ్గరికి పోయి చెంబు ముంచి, తల ఎత్తి, ఆపకుండా తాగాడు. మెడ మీదినుంచి నీళ్ళు కారి చొక్కా తడిసింది. చెంబు బోర్లించి, మూతి తుడుచుకుని, అప్పుడు షణ్ముగప్రియ వైపు తిరిగాడు.

“యేంది వక్కీలమ్మా, యేదో కాయితం చూపిస్తా ఉంటివే?”